నవరసం కొత్త కాయా అండీ?

ఒక మహాసాధ్విని ప్రశాంతంగా చావనివ్వని పాపం నాది. మనిషిని చంపినవాడికైనా శిక్ష తీరి ఏదో ఒకనాడు విడుదల ఉంటుంది. చావు ఆపినవాడికి ఏ సెక్షనూ లేదు గనక నాకు విడుదలా లేదు. పన్నెండేళ్ళుగా లోపలే ఉన్నాను. చెబుతాను, మీరు నవ్వుకోండి. మధ్యలో నేను కళ్ళద్దాలు తుడుచుకుంటే మాత్రం పట్టించుకోకండి.

అప్పట్లో నాకు నూజివీడులో ఒక సెల్‌ఫోన్ల కొట్టు, దానికి పదింతల గర్వం ఉండేవి. నాలుగు పెళ్ళిళ్ళకు వీడియో తీసిన పుణ్యాన నేను దర్శకుణ్ణయిపోయానని నమ్మకం. సరిగ్గా ఆ సమయంలోనే మార్తమ్మ టీచర్ గారు నా కొట్టు మెట్లెక్కారు.

ఆవిడ మిషన్ స్కూల్లో మాకు తెలుగు చెప్పారు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకున్న గొంతే సోమవారం క్లాసులో పద్యం ఎత్తుకుంటే బయట ఆటోలు ఆగేవి. ఆవిడకు జీవితంలో ఒకే కోరిక. మా వైపు తాతలనాటి నుంచీ ఆడుతున్న చారిత్రక నాటకంలో సాధ్వి కోటమాంబ వేషం కట్టాలని. చిన్నతనంలో పాస్టరు గారైన నాన్న స్టేజీ ఎక్కనివ్వలేదు. తర్వాత ఉద్యోగం, పిల్లలు. ఇక రిటైర్మెంటు వచ్చేసింది.

"ఒక్కసారి ఆ వేషం వేసి చచ్చిపోతానురా శేషూ" అన్నారు. వేషంలో చావడమే ఆవిడ ఉద్దేశం.

కథ మీకు తెలియకపోతే రెండు ముక్కల్లో చెబుతాను. కరువొస్తుంది. దొర భార్య కోటమాంబ గాదెల తలుపులు తెరిపిస్తుంది. ఆఖరి మనిషి తినేదాకా తాను మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకుంటుంది. చివరి రంగంలో లేవలేక లేచి, "ఇంకా ఎవరికైనా అందలేదా?" అని మూడుసార్లు అడుగుతుంది. మూడుసార్లూ నిశ్శబ్దం. అప్పుడు ఒక పద్యం పాడి, ఒరిగిపోతుంది. ఆ ఒక్క పద్యం కోసం టీచర్ గారు నలభై ఏళ్ళు గొంతు దాచుకున్నారు.

నేను ఈ కాలం ప్రేక్షకుల కోసమని నాలుగు గంటల నాటకాన్ని గంటన్నరకు కోశాను. కాలర్ మైకులు తెప్పించాను. రంగుల తెరల మీద గాదె బొమ్మ పాతకాలపు పద్ధతి అని చెప్పి, మా నాన్న మామిడికాయల షెడ్డు ముందే స్టేజీ కట్టించాను. షెడ్డు తలుపులే గాదె తలుపులు. లోపల వరిగడ్డిలో మాగుతున్న చిన్న రసాల మామిడిపళ్ళు, తెల్లారి లారీకెక్కాల్సిన సరుకు. వాటికి అడ్డంగా ఆరు వడ్ల బస్తాలు నిలబెట్టాను. ఆరంటే ఆరే. నా తెలివి కూడా ఎప్పుడూ అంతే ఉంటుంది.

తర్వాత కరపత్రం రాయడానికి కూర్చున్నాను. అసలు గొయ్యి అక్కడ తవ్వుకున్నాను.

"పద్య నాటకం అని రాయరా. ఉన్నదున్నట్టు రాస్తే వచ్చేవాళ్ళే వస్తారు" అన్నారు టీచర్ గారు.

"పద్యం అన్నామంటే జనం బస్సెక్కి పారిపోతారండీ. రసం గురించి రాస్తాను."

కాకిపిల్ల కాకికి ముద్దు, నా కరపత్రం నాకు ఏకంగా కోకిల. "నవరసాలూ పండిస్తున్నాం. ఆదివారం సాయంత్రం ఆరింటికి మామిడి షెడ్డు దగ్గర. అంతా ఉచితం. కుటుంబంతో వచ్చి తనివితీరా ఆస్వాదించండి." నాటకం అనే మాట అడుగున సన్న అక్షరాల్లో ఉంది. మైకు పెట్టుకుని రెడ్డిగూడెం దాకా తిరిగిన ఆటో ప్రసాదుకు ఆ మాట గతుకుల్లో కనబడలేదట.

నాటకాల వాళ్ళకు రసం పండడమంటే చూసేవాడి గుండె కరగడం. నూజివీడులో రసం పండడమంటే రసం పండడమే. అందులోనూ అది మే నెల. ఇంత చిన్న సంగతి, పుట్టి పెరిగిన ఊళ్ళో నాకు తట్టలేదు.

శనివారం రెడ్డిగూడెం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు.

"నవరసం కొత్త కాయా అండీ?"

ఆయనేదో చమత్కరిస్తున్నాడనుకుని నేనూ అదే బాణీ అందుకున్నాను. "పాతదేనండీ. మేం కొత్తగా అంటుకట్టాం."

"పీచుంటుందా?"

"అస్సలుండదు. పీచంతా కోసి పారేశాం. గంటన్నరలో అయిపోతుంది."

"గంటన్నరలోనా? అయితే పెందరాళే రావాలి."

ఫోన్ పెట్టేసి, రెడ్డిగూడెంలో ఎంతటి రసికులున్నారని మా ఆవిడ దగ్గర మురిసిపోయాను.

ఆదివారం సాయంత్రానికి ఇసకేస్తే రాలనంత జనం. ప్రతివాడి చేతిలో ఒక సంచి. కొందరు బకెట్లు తెచ్చారు. పల్లెల వాళ్ళు కదా, సంతకు పోతూ ఇటొచ్చారనుకున్నాను. రెండో రంగంలో గాదె తలుపులు తెరవగానే, ఆరు బస్తాల వెనక పసుపుపచ్చటి కొండ కనిపించింది. వాసన గుప్పుమంది. జనం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. అది నా దర్శకత్వానికి బిగబట్టిన ఊపిరి అనుకున్నాను. ఆ తర్వాత కదిలినవాడు లేడు, ఫోన్ చూసుకున్నవాడు లేడు. ఈ కాలం ప్రేక్షకుణ్ణి జయించానని మంత్రి వేషంలో ఉన్న నేను తలపాగా సర్దుకున్నాను.

చివరి రంగం. టీచర్ గారు తెల్లచీరలో, వణుకుతూ లేచి నిలబడ్డారు. "ఇంకా ఎవరికైనా అందలేదా?"

వెనకనుంచి ఒకావిడ, "మాకు అందలేదమ్మా."

ఎవరో కథలో లీనమైపోయారనుకున్నాను. టీచర్ గారు రెండోసారి అడిగారు. ఈసారి రెండు వందల సంచులు పైకి లేచాయి. మూడోసారి అడిగేసరికి బకెట్లు కూడా మోగాయి.

"పద్యం ఎత్తుకుని పడిపోండి టీచర్ గారూ" అని గొణిగాను.

నేను తెప్పించిన కాలర్ మైకులు చాలా మంచివి. ఆవిడ గుసగుస ఊరంతా విన్నది.

"అందలేదంటున్నారు. నేనెలా చచ్చేదిరా?"

ఒక్క క్షణం నా వంక, ఒక్క క్షణం జనం వంక చూశారు. పాత్రలోంచి మాత్రం బయటికి రాలేదు. వెన్ను నిటారుగా పెట్టి, "మంత్రీ, పంచు" అన్నారు. ముందు వరసలో మా నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి తల ఎత్తకుండానే, "ఆవిడ చెప్పాక ఇంకేంటి, పంచు" అన్నాడు.

గంటలో షెడ్డు ఖాళీ. "నవరసం అచ్చం మన చిన్న రసంలాగే ఉందే" అనుకుంటూ జనం కూడా ఖాళీ. కుర్చీల మధ్య టెంకలు మిగిలాయి. టీచర్ గారు స్టేజీ అంచున కూర్చున్నారు.

"అందరికీ అందిందా?"

"అందిందండీ."

"ఒకటుంటే ఇలా ఇవ్వరా. వేషం కోసమని పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

షెడ్డులో గడ్డి అంతా తిరగేశాను. ఒక్క పండు లేదు. ఆ సాయంత్రం ఊరందరికీ అందింది, ఆవిడకు తప్ప. పండూ లేదు, పద్యమూ లేదు.

"పద్యం పాడండి, నేను వింటాను" అన్నాను.

"ఖాళీ కుర్చీల ముందు చావలేనురా" అని నవ్వారు.

మళ్ళీ వేయిద్దామనుకున్నాం. వానలు మొదలయ్యేసరికి ఆవిడ గొంతుకు ఆపరేషన్ అయింది. మాట మిగిలింది, పద్యం మిగల్లేదు.

అప్పటినుంచి ప్రతి మే నెలలో తొలి బుట్ట రసాలు ఆవిడ గుమ్మంలోకి మోస్తాను. గాలిలాంటి ఆ గొంతుతో, "ఇంకా ఎవరికైనా అందలేదా?" అని అడుగుతారు.

"మీకేనండీ" అంటాను. ఆవిడ నవ్వుతారు. నేను కళ్ళద్దాలు తుడుచుకుంటాను.

కనుక, గడ్డి వాసన ఇంకా వదలని ఆ షెడ్డు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక పద్యాన్ని పద్యమనే రాస్తాను, పండును పండనే రాస్తాను. రసమనే మాట నా నోట ఎప్పుడైనా వచ్చిందంటే, ఆ క్షణాన నా చేతిలో టెంక ఉండి తీరుతుంది.