మొద్దుకాళ్ళ ఇల్లు

విశాఖపట్నంలో నరాల డాక్టరు గది బయట, పేరెప్పుడు పిలుస్తారా అని నేనూ మా తమ్ముడు దావీదూ ఎదురుచూస్తూ కూర్చున్న ఒక ఉదయం, మా ముందు వరసలో ఉన్న ముసలమ్మ ఒళ్ళోని మూట విప్పి అడ్డాకు దొప్పలో కట్టుకొచ్చిన అన్నం తినడం మొదలుపెట్టింది. వేడి అన్నానికి మగ్గిన ఆ ఆకు వాసన, కొంచెం పసరుగా, కొంచెం పొగగా, ఫినాయిలు వాసనను తోసుకుంటూ వచ్చి నన్ను తాకింది. నలభై దాటిన మనిషిని, ఆశ్రమ పాఠశాలలో పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, ఒక్క క్షణంలో హుకుంపేట పైన కొండ మీద మా ఇంటి అరుగెక్కి కూర్చున్నాను. దావీదు కూడా తలెత్తి చూశాడు. ఆ వాసన వెంట మా ఇద్దరి ముందుకూ అయ్య వచ్చి నిలబడ్డాడని నాకు తెలుసు. అయ్యంటే మా నాన్న.

మా ఊళ్ళో కాలాన్ని నెలల పేర్లతో కన్నా కొండ రంగుతో గుర్తుపెట్టుకునేవాళ్ళం. వానాకాలమంతా మబ్బు గుమ్మం దాటి లోపలికొచ్చి పొయ్యి పొగలో కలిసిపోయేది, ఆరేసిన బట్టలు ఎన్నాళ్ళకీ ఆరేవి కావు, అమ్మ లేత వెదురు కొమ్ములు సన్నగా తరిగి వండితే ఆ కూర వాసన మర్నాటి దాకా ఇంట్లో తిరిగేది. వానలు వెనక్కి తగ్గాక వాలు పొలాల నిండా వలిసె పూలు విచ్చుకుని కొండ కొండంతా పసుపు పూసుకున్నట్టు ఉండేది. ఆ పూల మీద తేనెటీగల రొద వింటూ మేం తాడిలాంటి జీలుగు చెట్టు మట్టల మీద కూర్చుని వాలులో జారేవాళ్ళం, రాగుల్ని మేం చోళ్ళంటాం, ఆ చోడి చేను గట్టు తగిలితే ఆగేవాళ్ళం, మోచేతులు గీసుకుపోతే ఏదో ఆకు పసరు పిండుకుని మళ్ళీ పైకెక్కేవాళ్ళం. చలికాలం కాఫీ పళ్ళ కోతల్లో ఎర్రటి పండు నోట్లో వేసుకుని తీపంతా చప్పరించి గింజ ఎవరు దూరం ఉమ్ముతారో పందెం కట్టేవాళ్ళం. వేసవిలో తొలి జల్లు పడిన కొన్నాళ్ళకి కాఫీ తోటలు ఒక్కసారిగా తెల్లగా పూసేవి, సన్నజాజుల్లాంటి ఆ వాసనలో పనస పిక్కలు నిప్పుల్లో కాల్చుకు తింటూ గడిపిన పొద్దులు నాకిప్పటికీ కలల్లోకి వస్తాయి.

మా అయ్య పేరు సోమన్న. ఆయన పొడుగరి, తక్కువ మాట్లాడేవాడు. జీలుగు చెట్టెక్కి కల్లు దించడంలో ఆయనంతటివాడు ఆ చుట్టుపక్కల లేడని అందరూ అనేవారు. ఒంటి వెదురుకి కణుపుల దగ్గర కొమ్మల మొదళ్ళు మాత్రం ఉంచి చెట్టుకి ఆనించి కట్టేవాడు, వాటి మీద కాలివేళ్ళు ఆనించి, మంచులో తడిసిన చెట్టుని కూడా జారకుండా ఎక్కేవాడు. దిగేటప్పుడు పైనుంచే నన్ను చూసి, "గుంటా, జరుగు, కల్లు ఒలికితే నీ నెత్తిమీదే" అనేవాడు. నేను జరగకుండా నోరు తెరుచుకుని నిలబడేదాన్ని.

ఆ కాళ్ళకే ముందు జబ్బు వచ్చింది. చలికాలం పొద్దున్నే ఇంటి ముందు మంట వేసుకుని అందరం చుట్టూ చేరేవాళ్ళం. ఒక రోజు తోలు మాడిన వాసన వచ్చింది. దుంపలేమైనా మాడాయేమోనని నేను కర్రతో బూడిద కెలుకుతుంటే అయ్య బొటనవేలు నిప్పుకణిక మీద ఉండడం కనిపించింది.

"అయ్యా, నీ కాలు కాల్తంది" అన్నాను.

ఆయన వంగి, ఎవరిదో కాలు చూసినట్టు చూసుకున్నాడు. "అవునేటి" అని మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు. అరవలేదు, ఉఫ్ అనలేదు. అమ్మ పరుగున వచ్చి ఆయన పాదం ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు అమ్మ మొహంలో కనిపించిన భయం ఆ కాలిన పుండు గురించి కాదని నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు. మా తాతకి కూడా అలాగే మొదలైందట. తాత పోయేనాటికి ఆయన్ని మోసి పెరట్లోకి తీసుకెళ్ళేవారట.

ఆ తరవాత అయ్య చెట్లెక్కడం మానేశాడు. ముల్లు విరిగి పాదంలో ఉండిపోయినా తెలిసేది కాదు, సాయంత్రం అమ్మ దీపం దగ్గర పెట్టుకుని ఆయన అరికాళ్ళు వెతికేది. అల్లం తవ్వుతూ కూర్చున్నవాడు లేవబోతే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. కొన్నాళ్ళు కడుపు బిగుసుకుపోయేది, కొన్నాళ్ళు నీళ్ళలా పోయేది. చోడి అంబలి తప్ప ఏదీ ఇమిడేది కాదు. చేతివేళ్ళు కూడా మొద్దుబారాక చొక్కా గుండీలు పెట్టడం నా పనయింది. నేను గుండీ పెడుతున్నంతసేపూ ఆయన ఆకాశం వైపు చూసేవాడు.

ఊళ్ళో మా ఇంటికి మొద్దుకాళ్ళ ఇల్లని పేరు పడింది. మా తాత దేవత వనంలో చెట్టు కొట్టి ఇంటికి దూలం వేసుకున్నాడని, ఆ కోపమే ముందు ఆయన కాళ్ళు, ఇప్పుడు కొడుకు కాళ్ళు పట్టుకుందని, మంచీచెడూ చెప్పే దిసారి అన్నాడు. మా మేనత్త బుద్రి అప్పటి నుంచి ఏటేటా కొండ మీదకి కోడిని పట్టుకెళ్ళేది. మిషను చర్చి కుటుంబం నుంచి వచ్చిన మా అమ్మ ఆదివారం పూట అదే కాళ్ళ కోసం మోకాళ్ళ మీద నిలబడేది. ఇద్దరూ ఒకరి మొక్కుని ఒకరు తప్పుపట్టుకోలేదు. ఏది వినబడినా చాలనుకున్నారు.

ఆ తరవాత దూదీ గుండుసూదీ పట్టుకుని ఆరోగ్య కార్యకర్త వచ్చాడు. ఆయన మంచివాడే. అయ్య కళ్ళు మూసుకోమని పాదాలన్నీ గుచ్చి చూశాడు. మచ్చలు లేవు గాని స్పర్శ లేదని, ఇది పెద్దరోగమే, అంటే కుష్ఠే, అయ్యుంటుందని మాత్రలు ఇప్పించాడు. మాత్రలు మింగితే మూత్రం ఎర్రగా వచ్చేది, ఒళ్ళు నల్లబడింది. కాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. పెద్దరోగమన్న మాట మాత్రం మా కన్నా ముందే ఊరంతా చేరింది.

ఆ ఏడాది ఇటుకల పండగ నాకు మరుపు రాదు. విత్తనాలు దేవత ముందు పెట్టి, మగవాళ్ళు వేటకి పోయి, ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ళని ఆటపట్టించి, పిల్లలం గొంతులు పోయేలా అరిచే పండగ అది. సాయంత్రం అందరికీ అడ్డాకుల్లో సామన్నం, మాంసం వడ్డించారు. అయ్య ఆకు వరసకి దూరంగా, రాయి పక్కన వేశారు. నేను నా ఆకు పట్టుకుని ఆయన పక్కకి వెళ్ళబోతే అమ్మ నా జబ్బ పట్టుకుంది. ఆమెకీ భయమే. పిల్లలకి అంటుతుందేమోనని. అయ్య మా వైపు చూసి, "తిను గుంటా, బేగి తిను, సల్లారిపోతాది" అన్నాడు. ఇంట్లో కూడా ఆయన పళ్ళెం, ఆయన గ్లాసు, ఆయన చాప వేరుగా ఉండేవి. పోయేదాకా అలాగే ఉన్నాయి. నేను హాస్టల్లో చదువుకుంటున్నప్పుడు ఒక వానాకాలం మధ్యాహ్నం, మనిషంతా ఎముకలే మిగిలి, అరుగు మీద పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

చాలా ఏళ్ళు గడిచాయి. అమ్మ పోయింది. నాకు ఉద్యోగం, పెళ్ళి, ఒక కూతురు. దావీదు అరకు చూడడానికి వచ్చేవాళ్ళని జీపులో తిప్పేవాడు. ఒక రోజు ఘాట్ రోడ్డు మలుపులో బండి పక్కకి ఆపి నాకు ఫోన్ చేశాడు. అక్కని మా వైపు అప్ప అంటాం.

"అప్పా, బ్రేకు మీద నా కాలుందో నేదో తెల్డం నేదు. వంగి సూసుకుంటే గాని తెల్డం నేదు" అన్నాడు.

"బండిలో జనం ఉన్నారా?"

"ఉన్నారు. పిల్లలు కూడా."

"తాళం తీసేసి అక్కడే ఉండు" అన్నాను. నా గొంతు నాకే అమ్మ గొంతులా వినిపించింది.

అప్పటి నుంచి డాక్టర్ల వెంట తిరిగాం. ఒకాయన సుగరన్నాడు, పరీక్ష చేస్తే లేదు. ఒకాయన విటమిన్ సూదులు రాశాడు. చేతివేళ్ళ తిమ్మిరికి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని ఆపరేషన్ చేశారు, కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వచ్చింది. పెద్దరోగం పరీక్షలు కూడా చేశారు, కాదన్నారు. ఒక చోట, ఇదంతా బెంగ వల్ల, పెళ్ళాంతో ఏమైనా గొడవలా అని అడిగారు. దావీదు బక్కచిక్కిపోతుంటే, కుర్చీలోంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటుంటే, నాకు అయ్యే కనిపించేవాడు. క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ బల్ల కింద నా కాలివేళ్ళు కదిపి చూసుకునేదాన్ని.

విశాఖపట్నంలో ఆ అడ్డాకు వాసన వచ్చిన రోజున చూసిన పెద్ద డాక్టరు దావీదు పాదాల కన్నా ముందు మా కుటుంబం గురించి అడిగాడు. తాత, అయ్య, ఇప్పుడు తమ్ముడు అని చెప్పగానే కలం కింద పెట్టాడు. "ఇదేదో నాకు తెలుసనుకుంటున్నాను. కాని నేను పుస్తకంలో చదివినవాణ్ణే, వైద్యం చేసినవాణ్ణి కాను. దేశంలో చేసేవాళ్ళు కొద్దిమందే ఉన్నారు" అన్నాడు. మా ముందే ఒకరికి ఫోన్ చేశాడు, ఆయన రిటైరయ్యాడు. ఇంకొకరు విదేశం వెళ్ళారు. మూడోచోట ఎవరూ ఎత్తలేదు. మమ్మల్ని ఇంటికి పంపి, కొన్ని వారాల తరవాత కబురు చేశాడు: దక్షిణాదిన ఒక పెద్ద ఆసుపత్రిలో ఒకావిడ ఈ ఒక్క జబ్బునే చూస్తుంది, వెళ్ళండి.

ఆ వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. రైల్లో దావీదు పైకి లేచిన ప్రతిసారీ పడతాడేమోనని నేనూ లేచేదాన్ని. ఆ డాక్టరమ్మ సన్నగా, నెరిసిన జుట్టుతో ఉంది, తెలుగు ఆచితూచి మాట్లాడింది. మేం పట్టుకెళ్ళిన రిపోర్టులు పక్కన పెట్టి, "మీ నాన్నగారి గురించి మీకు గుర్తున్నదంతా చెప్పండి, చిన్నప్పటి నుంచీ" అంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. నిప్పు మీద బొటనవేలు, చొక్కా గుండీలు, అల్లం చేలో కళ్ళు తిరగడం, అంబలి. నేను ఎన్నడూ ఎవరికీ చెప్పని నా బాల్యాన్ని ఆవిడ తల ఊపుతూ వింది. పొట్ట మీది కొవ్వు పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు, రక్తం తీసి జన్యు పరీక్షకి పంపారు. ఫలితం వచ్చాక మళ్ళీ కూర్చోబెట్టి చెప్పింది. లివర్ తయారుచేసే ఒక ప్రోటీన్ మా వంశంలో పుట్టుకతోనే తేడాగా ఉంటుందట, అది విడిపోయి, గిన్నెకి గంజి పట్టినట్టు నరాలకీ గుండెకీ పట్టుకుని గట్టిపడుతుందట. అలా పేరుకునేదాన్ని అమిలాయిడ్ అంటారట. పోయిన స్పర్శ తిరిగి రాదు గాని, ఇంకా పోకుండా జబ్బుని చాలావరకు నెమ్మదించేలా చేసే మందు ఉందట.

నేను అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది ఒక్కటే. "ఇది అంటుతుందా అమ్మా?"

"అంటదు. పక్కన కూర్చుంటే, కలిసి తింటే, ఎప్పటికీ అంటదు."

దావీదు కిటికీ వైపు తిరిగిపోయాడు. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ తరవాతి రోగిని కాసేపు ఆగమంది.

తిరిగి వచ్చాక ఇద్దరం బుద్రి అత్త దగ్గరికి వెళ్ళాం. ఆ తరంలో మిగిలింది ఆమె ఒక్కతే, ఆ జబ్బు ఆమె జోలికి రాలేదు. పుట్టుకతో వచ్చేదని, ఎవరి కోపమూ కాదని విడమరిచి చెప్పాను. చాలాసేపు చోళ్ళు చెరుగుతూనే ఉంది.

"అయితే మా అయ్య తప్పేటీ సెయ్యనేదన్నమాట" అంది చివరికి. ఆమె అయ్యంటే మా తాత.

"నేదత్తా."

"ఆ మాట ఇనకుండానే పోనాడు" అంది. "అయినా ఈ ఏడు కోడి ఇచ్చేత్తాను. మొక్కేసుకున్నాను" అని చేట పక్కన పెట్టింది.

ఇప్పుడు దావీదు జీపు నడపడం లేదు. అరకులో రోడ్డు పక్కన కాఫీ దుకాణం పెట్టుకుని, చేతికర్రతో తిరుగుతూ, రోజూ మందు వేసుకుంటున్నాడు. ఏడాదిగా జబ్బు ఉన్నచోటే ఉందని డాక్టరమ్మ అంటోంది. పరీక్షకి నా రక్తం ఇవ్వడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇచ్చాను. ఫలితం నాలోనూ అది ఉందనే వచ్చింది. ఇంకా లక్షణాలేవీ లేవు, ఏటా వెళ్ళి చూపించుకోవాలి. వెళ్ళేముందు నెల రోజులు నాకు సరిగా నిద్రపట్టదు.

మా పాత ఇల్లు కూలిపోయింది. మేం జారిన వాలులో రిసార్టు గోడ లేచింది, చోడి చేను ఉన్నచోట కార్లు ఆగుతున్నాయి. సామలు వేసేవాళ్ళు తగ్గారు, జీలుగు ఎక్కేవాళ్ళు దాదాపు లేరు. మొద్దుకాళ్ళ ఇల్లని మమ్మల్ని పిలిచినవాళ్ళలో చాలామంది లేరు, ఆ పేరు కూడా వాళ్ళతోనే పోయింది. మొన్న సెలవులకి వచ్చిన నా కూతురు, ఫోన్లో ఏం చదివిందో, వంటింట్లో నా పక్కన నిలబడి అడిగింది.

"అమ్మా, నాక్కూడా ఉంటాదా?"

ఉండొచ్చు, ఉండకపోవచ్చు, సగానికి సగం అని డాక్టరమ్మ చెప్పింది. పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవాలో వద్దో తనే తేల్చుకోవాలని కూడా చెప్పింది. ఇవన్నీ దానికి చెప్పాను. ఇంకా నా మొహంలోకే చూస్తోంది.

"తెల్దమ్మా" అన్నాను. "ఎక్కడికెళ్ళాలో మాత్రం తెలుసు."