మిద్దెకు పిల్లుల మట్టి

చదువు పూర్తవకుండానే సగం శాస్త్రజ్ఞులమైపోయామనుకునే ఆ రోజుల్లో మనిషికి నిద్ర బాగా పడుతుంది. నేను పీహెచ్‌డీకి సింగపూర్ వచ్చిన కొత్తలో అలాగే హాయిగా నిద్రపోయేదాన్ని. మట్టి మీద పరిశోధన. ఆంగ్ మో కియోలో ఫ్లాట్ల వెనక వరసగా ఉన్న పాత ఇళ్ళలో ఒకదాంట్లో, వంటింటిని ఆనుకుని ఉన్న గదిలో అద్దెకుండేదాన్ని. ఇంటివాళ్ళు తెలుగువాళ్ళే కానీ తాతల కాలంలోనే వచ్చి స్థిరపడినవాళ్ళు. వాళ్ళ తెలుగులో తమిళం, మలయ్, ఇంగ్లీషు కలిసి కాపురం చేసేవి. (నా అనంతపురం తెలుగు విని, నేనెప్పుడూ కోపంగా ఉంటానని ఆంటీ చాలాకాలం అనుకుందట.) నేనిచ్చే అద్దె గదికి మాత్రమే. అయినా సాయంత్రం ఇంటికి రాగానే "మకాన్ అయిందా?" అని ఆంటీ అడిగేది, తినలేదని నేను మొహమాటంగా చెప్పేదాన్ని, పప్పూ చారూ ఉన్న కంచం బల్ల మీదికి వచ్చేది. ఆ గది పోతే నాకు దిక్కు జురాంగ్ ఈస్ట్‌లో స్నేహితురాళ్ళ ఇరుకు ఫ్లాట్. అక్కడ ఒక పరుపు దొరుకుతుంది కానీ, ఒక్కరికీ వంట రాదు.

సింగపూర్‌లో చలికాలమంటే వానాకాలమే. డిసెంబరు వచ్చిందంటే రోజుల తరబడి ముసురు, మధ్యమధ్యలో కుంభవృష్టి. నా గది పైన చదునైన సిమెంటు కప్పు ఉండేది. మేడ మీద అంకుల్ వాళ్ళ పడకగదిలోంచి ఒక చిన్న తలుపు తీస్తే ఆ కప్పు మీదికే అడుగుపెట్టవచ్చు. అంతకుముందు ఏడాది ఆ కప్పు కారి, నాకన్నా ముందున్న అమ్మాయి లాప్‌టాప్ తడిసి, గది ఖాళీ చేసి వెళ్ళిపోయిందట. బాగుచేసే కాంట్రాక్టరేమో చైనీస్ న్యూ ఇయర్ దాటితే కానీ రానన్నాడు. "ఈ తడవ లీక్ అయితే ఆ రూమ్‌ని స్టోర్ చేసేస్తా లా. నువ్వు వేరే రూమ్ పాత్తుకో," అన్నారు అంకుల్, పేపరులోంచి తల ఎత్తకుండానే. (లా అక్కడివాళ్ళ ఊతపదం, పాత్తుకో అంటే చూసుకో అని. ఆయన తమిళంలోకి దిగితే మాట ఖాయమైనట్టే.)

నాకు అప్పుడు మా ఊరు గుర్తొచ్చింది. వానలకు ముందు మావైపు మట్టిమిద్దెల మీద చౌడుమట్టి పరిచి తొక్కుతారు. తడిస్తే అది ఉబ్బి, గట్టిగా పట్టుకుని, చుక్క నీటిని కూడా కిందికి దిగనివ్వదు. సింగపూర్‌లో చౌడు ఎక్కడ దొరుకుతుంది? అక్కడే నా పరిశోధన అక్కరకొచ్చింది. పిల్లుల మలమూత్రాల కోసం అంగళ్ళలో అమ్మే మట్టి కూడా దాదాపు అదే గుణం గల బంకమట్టి. ఈ సంగతి తెలిసిన మనిషి ఈ దీవిలో నేనొక్కదాన్నే అనిపించి ఒళ్ళు పులకరించింది. "ఇది సైన్స్, అంకుల్," అని గంభీరంగా చెప్పాను. చదువంటే ఆయనకు పాపం గౌరవం. సరేనన్నారు. పెంపుడు జంతువుల దుకాణంలో చైనీస్ ఆంటీ నా తోపుడుబండి నిండా సంచులు చూసి, "వా, సో మెనీ! హౌ మెనీ క్యాట్?" అని అడిగింది. "నో క్యాట్, ఆంటీ. ఫర్ రూఫ్," అన్నాను. ఆమె గబగబా బిల్లు కొట్టేసింది.

అంకుల్ సంచులు అందిస్తుంటే నేను పరిచి, చెప్పులు విప్పి, మా ఊళ్ళో తొక్కినట్టే తొక్కాను. మట్టికి మల్లెపూల సెంటు కలిపారు కాబట్టి వాసన కూడా బాగానే ఉంది. గర్వం పట్టలేక అమ్మకు ఫోన్ చేశాను.

"చౌడు యాడ దొరికె నీకు?" అంది అమ్మ.

"అంగట్లో కొన్నా మా. పిల్లులు దొడ్డికి పోయే మట్టి."

"మట్టిమిద్దెకు చౌడు ఏస్తారు గానీ, సిమెంటు మిద్దెకు ఎవురన్నా ఏస్తారా మే? ఇంతకీ ఆ మట్టి సంగతి పిల్లులకు తెల్సా?"

తెలిసింది. మర్నాటికి ఒకటి, ఆ మర్నాటికి నాలుగు, వారం తిరిగేసరికి వీధిలోని పిల్లులన్నీ తమకోసమే కట్టించినట్టు నా కప్పు మీదికి రావడం మొదలుపెట్టాయి. వాటికి నేనిచ్చిన సదుపాయం అంకుల్ వాళ్ళ పడకగది తలుపు పక్కనే. "ఏమ్మా, పైన పూనలు క్యూ కట్టి చోప్ చేసుకుంటున్నయి," అంది ఆంటీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. (పూనలంటే పిల్లులు, చోప్ అంటే చోటు ముందే ఆపుకోవడం.) గొడుగు పట్టుకుని తరమడానికి వెళితే, బాత్రూమ్ తలుపు తోసుకొచ్చిన మనిషిని చూసినట్టు చూసేవి. ఒక్కటీ లేవలేదు.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం అసలు వాన వచ్చింది. అంకుల్ బకెట్ పట్టుకుని నా గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరం మెడలు నొప్పి పుట్టేలా పైకి చూస్తూ ఉండిపోయాం. వాన ముదిరింది. చుక్క పడలేదు. ఆయన మెల్లిగా తల ఊపి, "పర్వాలేదే," అన్నారు. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. సరిగ్గా అప్పుడే మేడ మీదినుంచి ఆంటీ కేక వినిపించింది.

మట్టి ఉబ్బి సంగటిముద్దలా నీళ్ళు పోయే కన్నానికి అడ్డం పడింది. నిలిచిన నీళ్ళు కిందికి దిగే దారి లేక, ఆ చిన్న తలుపు సందులోంచి పడకగదిలోకి నడిచాయి. పిల్లుల మట్టి, పిల్లులు దానికి కలిపినవీ, మల్లెపూల సెంటూ అన్నీ కలిసి పరుపు దాకా వెళ్ళాయి. అంకుల్ లుంగీ ఎగగట్టి చేతులతో, నేను వంటింటి గరిటెతో ఆ కన్నం తవ్వాం. తవ్వుతూనే ఆయన అన్నారు, "నీ సైన్స్ కరెక్ట్ లా. నీ రూమ్ డ్రై. నా రూమ్ మాత్రం కడల్." (అంటే సముద్రం.)

ఆ వానలు తగ్గేదాకా ఆంటీ నా మంచం మీద, నేను ఆవిడ పక్కన చాప మీద, అంకుల్ హాల్లో సోఫా మీద పడుకున్నాం. ఇల్లంతా మల్లెపూల వాసనే, అదొక్కటే అయితే బాగుండేది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా భయమేసింది. పొమ్మనేది ఎప్పుడో అని సూట్‌కేసు సర్ది తలుపు వెనక పెట్టుకున్నాను. పప్పు వడ్డిస్తుంటే కూడా ఇదే ఆఖరి కంచమేమోననిపించేది.

చైనీస్ న్యూ ఇయర్ దాటాక కాంట్రాక్టరు వచ్చాడు. ఎండి గట్టిపడిన ఆ మట్టిని బూటుతో తన్ని, "హూ డిడ్ దిస్?" అని నవ్వాడు. నేను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. అంకుల్ నవ్వలేదు. "మై డాటర్," అన్నారు. "డూయింగ్ పీహెచ్‌డీ."

నేను గదిలోకి వెళ్ళి, కాసేపు ఏడ్చి, సూట్‌కేసులోని బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకున్నాను. ఇప్పుడు మట్టి గురించి నాకు చాలా తెలుసు. నలుగురు పిలిచి అడుగుతారు కూడా. అయినా డిసెంబరు వాన మొదలైతే, కాళ్ళకు చెప్పుల్లేకుండా పిల్లుల మట్టి తొక్కుతూ, ఒక గది కోసం అంత కష్టపడిన అప్పటి ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తుంది. గది ఎప్పుడో తనదైపోయిందని దానికి తెలియదు పాపం.