చేప మందు వరసలో నా పరిశోధన

ఈ మధ్య సభల్లో నన్ను "ప్రపంచ ఆరోగ్య రంగంలో పేరెన్నికగన్న హెచ్‌ఐవి పరిశోధకురాలు" అని పరిచయం చేసి శాలువా కప్పుతున్నారు. కప్పిన ప్రతిసారీ నా ముక్కుకు నీచువాసన తగులుతుంది. శాలువాది కాదు, నా గతానిది. పరువు, చదువు, విదేశీ డిగ్రీ మూడూ ఒకే పూట గంగలో కలిసిన వైనం చెప్తాను, వినండి.

అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి, ఇల్లు గెలుద్దామని విదేశం నుంచి దిగాను. హెచ్‌ఐవి మందుల మీద పెద్ద పరిశోధనకు నాయకురాలిని. ఆబిడ్స్ సందులో ఒక బట్టల దుకాణం పైన, మూడో అంతస్తులో, క్లినిక్ కిరాయికి తీసుకున్నాం. అన్నీ ఉన్నాయి, రోగులే లేరు. ఆ జబ్బు పేరెత్తితే అయినవాళ్ళే గుమ్మం ఎక్కనివ్వని రోజులు. మా మెట్లెక్కుతూ ఎవరి కంటైనా పడితే బతుకు బజారున పడుతుందని భయం. నేనూ, మా నర్సు సరోజిని సిస్టరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి బీపీ ఒకరు చూసుకునేవాళ్ళం.

జూన్ మొదట్లో, నన్ను ఈ పనికి పంపిన ప్రొఫెసర్‌గారు విదేశం నుంచి తనిఖీకి వస్తున్నారు. రోగులు లేకపోతే పరిశోధన ఇంకో నగరానికి పోతుంది. దానితోపాటే ఇక్కడివాళ్ళకు రావలసిన ఉచిత మందులూ పోతాయి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. (నాకు ఆలోచన వస్తే ఇరుగుపొరుగు తలుపులేసుకోవడం మంచిది.) జిల్లాల వాళ్ళు నాంపల్లి స్టేషన్‌లో దిగుతారు. దారి అడగాలంటే జబ్బు పేరు చెప్పాలి. అడిగే పనే లేకుండా చేస్తే? స్టేషన్ నుంచి మా మెట్ల దాకా ఎర్ర బాణం గుర్తుల బోర్డులు పెట్టించాను. జబ్బు పేరు లేదు. "ఉచిత మందు – ఇటు" అంతే!

కింది దుకాణం యజమాని రాజేశం సేఠు అవి చూసి తల పట్టుకున్నాడు.

"డాక్టరమ్మా, గీ బోర్డులు ఇప్పుడు వద్దు. మిరుగం వస్తున్నది. నాంపల్లిల మస్తు రష్ ఉంటది."

"సైన్సుకు కార్తెలుండవు సేఠ్‌గారూ."

"సైన్సుకు లేకుంటే లేకపాయె. నాంపల్లికి ఉంటయి గదమ్మా!"

నేను వింటేగా! మెదక్ మిషన్ కాంపౌండులో పెరిగినదాన్ని. క్రిస్మస్, ఈస్టర్ తప్ప కార్తెల సంగతి నాకేం తెలుసు? నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ కుందేలు కాస్తా చేపయి కూర్చుంటుందని అనుకోలేదు.

తనిఖీ రోజు ఉదయం సరోజిని సిస్టర్ కిటికీలోంచి కేక పెట్టింది. "మేడమ్! జర గీడికి రాండ్రి! మనకోసం ఎంతమంది వచ్చిన్రో సూడుండ్రి!"

చూస్తే, మా మెట్ల నుంచి వీధి మలుపు దాకా జనమే జనం. నా గుండె పొంగిపోయింది. నా పరిశోధన ప్రపంచంలోనే మొదటిదవుతుందని అక్కడికక్కడే తీర్మానించేసుకున్నాను.

మొదట ఒక పెద్దాయన భార్యతో లోపలికొచ్చాడు. ఆమెను బయట కూర్చోమంటే కదలలేదు. నేను తలుపేసి, శిక్షణలో నేర్పినట్టు గొంతు తగ్గించి అడిగాను. "ఇక్కడ చెప్పింది బయటకు పోదు. సిగ్గుపడకండి. ఇంట్లో ఆమెతో కాకుండా బయట ఇంకెవరితోనైనా పడక..."

ఆమె కొంగు బిగించింది. "ఏందయ్యో! డాక్టరమ్మ ఏమడుగుతున్నది?"

"నాకేం ఎరుక! బిడ్డా, మెట్లెక్కనీకే దమ్ము సాలుతలేదు, ఇగ గవన్నీ యాడికెల్లి?" అని ఆయాసపడుతూ ఆయన చేతిలోని ప్లాస్టిక్ సంచి టేబుల్ మీద పెట్టాడు. "జల్ది మందు పెట్టుండ్రి. చేప సచ్చిపోతది."

సంచి నీళ్ళలోంచి కొరమీను పిల్ల నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. అప్పుడు వెలిగింది నాకు. మృగశిర! పక్కనే నుమాయిష్ మైదానంలో ఉబ్బసానికి చేప మందు! తలుపు తీస్తే వరసలో ఎవరి చేతిలో చూసినా నీళ్ళ సంచే.

సరిగ్గా అప్పుడే ప్రొఫెసర్‌గారు మూడంతస్తులెక్కి, రొప్పుతూ, "అద్భుతం! ఇంతమందా!" అంటూ ప్రత్యక్షమయ్యారు. వరసలోని ఒక ముసలమ్మకు జాలేసింది.

"అయ్యో, దొరకు గూడ దమ్మే! ముందుగాల ఆయనకియ్యిండ్రి!" అని తన చేపను ఆయన నోటి ముందు పెట్టింది.

"ఇదేమిటి?" అన్నారాయన.

"చేప సార్."

"ఎందుకు?"

"మింగడానికి."

"నేనా?"

ఇక దాచి లాభం లేదు. బోర్డులతో సహా అంతా చెప్పేశాను. ఆయన నెమ్మదిగా కూర్చుని, "అయితే వీళ్ళలో మన రోగులెందరు?" అన్నారు.

"ఒక్కరూ లేరు సార్" అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఒకామె ఉన్నది మేడమ్" అంది గుమ్మంలోంచి సరోజిని సిస్టర్. ఆమె వెనక ముఖానికి కొంగు చుట్టుకున్న ఒక యువతి. ఆమె చేతిలోనూ చేపే.

"నాకు దమ్ము లేదు మేడమ్. మీ దగ్గరికే వచ్చిన. ఇంతకు ముందుగూడ మెట్ల కాడిదాక వచ్చి, భయమై వాపసు పోయిన. ఇయాల గీ చేప కొనుక్కొని వచ్చిన. మా ఊరోళ్ళే ఎదురొచ్చిన్రు. ఏడికంటే చేప సూపెట్టిన. పాపం, దమ్ము బీమారి అని వాళ్ళే నన్ను ముందుకు తోలిన్రు."

ఆమె మాటలు నేను ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసర్ లేచి ఆమెకు కుర్చీ వేశారు. జనాన్ని నుమాయిష్ మైదానానికి పంపేశాక చూస్తే, ఆమెలాగే చేప చాటున మాకోసం వచ్చినవాళ్ళు ఇంకొందరు కదలకుండా మిగిలారు. వాళ్ళ చేపలన్నీ మా బకెట్లోకి చేరాయి.

"పరిశోధన ఇక్కడే" అన్నారు ప్రొఫెసర్. "ముందు ఆ బాణాలు పీకించు."

మరుసటి నెల మందుకొచ్చినప్పుడు ఆ యువతి చేతిలో మళ్ళీ సంచి!

"మిరుగం పోయింది కదమ్మా, ఇంకా చేపెందుకు?" అన్నాను.

"గిది మింగనీకి కాదు మేడమ్. పులుసు. మీకోసమే వండుకొచ్చిన."

కాబట్టి పాఠకులారా, సాక్షులుగా ఉండండి. ఇకమీదట ఏ ఖండంలో ఏ పరిశోధన మొదలుపెట్టినా, కింది దుకాణం సేఠును ఏ కార్తె నడుస్తోందో అడగనిదే ఒక్క బాణం గుర్తు కూడా వేయను. బైబిలు మీద ఒట్టు పెట్టకూడదంటారు మా పాస్టరుగారు. అందుకని, ఆ పులుసు మీద ఒట్టు.