పద్నాలుగు మోకాళ్లు

ఆస్పత్రి అడుగు అంతస్తులో, ఎక్స్‌రే గది దాటి ఎడమకి తిరిగితే ఇనుప తలుపు. దాని వెనకాలే పరికరాలు కడిగే గది. ఇరవై ఆరేళ్లుగా అక్కడ పనిచేస్తున్న మనిషిని అందరూ ఆవిరి బాబాయ్ అనేవారు. పైన ఆపరేషన్ అయిపోగానే ప్రతి రంపమూ, సుత్తీ, కత్తీ నెత్తుటితో కిందికి దిగి ఆయన చేతుల్లోకే వచ్చేవి. నానబెట్టి, తోమి, ఆరబెట్టి, ట్రేలో సర్ది, రెండు పొరల గుడ్డ చుట్టి ఆవిరి యంత్రంలో పెట్టేవాడు. “రోగులకి నా మొహం తెలీదు, నాకు వాళ్ల మొహాలు తెలీవు. మా చుట్టరికమంతా ఇనుముతోనే” అని నవ్వేవాడు.

ఒక సోమవారం లెక్కల డాక్టరమ్మ ఫైలు పట్టుకుని ఆ గదిలోకి వచ్చాక ఆ నవ్వు పోయింది.

అసలు పేరు ఎవరూ పలకరు గానీ, ఆస్పత్రిలో ఆవిడ తెలియనివాళ్లు లేరు. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లు తర్వాత ఎలా ఉన్నారు, ఎంతమందికి కీలు వదులైంది, ఎంతమందికి చీము పట్టింది, ఎవరు మెట్లెక్కగలుగుతున్నారు అని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రాసుకోవడం ఆవిడ పరిశోధన. ఆపరేషన్ జరుగుతుంటే ఓ మూల స్టూలు వేసుకుని, బయటి గాలితో పురుగులు వస్తాయని థియేటర్ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో కూడా గీతలు గీసి లెక్కపెట్టేది.

“బాబాయ్, పోయిన ఏడాదిలో మూడొందల నలభై మోకాళ్లు చేశాం. పద్నాలుగు మందికి లోపల ఇన్ఫెక్షన్ వచ్చింది. నలుగురికో ఐదుగురికో అయితే ఎక్కడైనా ఉండేదే అనుకోవచ్చు. పద్నాలుగంటే ఎక్కడో తేడా ఉంది. మీ మీద అనుమానంతో రాలేదు. అన్ని గదులూ చూస్తున్నా.”

ఆవిరి బాబాయ్ అరచేతులు ఏప్రాన్‌కి తుడుచుకున్నాడు. అవి అప్పటికే పొడిగా ఉన్నాయి.

“ఈ బోలు డ్రిల్లుల లోపల ఎలా తోముతారు?” అని అడిగింది.

“బ్రష్షుతోనే అమ్మా.”

మాట అబద్ధం కాదు గానీ, నోట్లోంచి అబద్ధంలాగే వచ్చింది. ఆవిడ రాసుకుని వెళ్లిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి దానంతటదే సింకు పక్కనున్న సొరుగు మీదికి పోయింది.

ఎముక లోపలికి దింపే డ్రిల్లుల్లో కొన్ని జానెడున్నర పొడవుంటాయి, మధ్యలో సన్నటి రంధ్రం. ఆ రంధ్రం తోమడానికి అంతే పొడుగున్న సన్నటి బ్రష్షు కావాలి. ఎనిమిది నెలల కిందట అది విరిగింది. కొత్తది కావాలని స్టోర్‌కి ఇండెంటు రాసి పెట్టాడు, రాలేదు. పెద్ద సిస్టర్‌తో చెప్పాడు. “వస్తుంది బాబాయ్, అందాకా ఉన్నదాంతో సర్దుకోండి” అంది. ఇంకోసారి అడిగాడు. మూడోసారి అడగలేదు. పొట్టి బ్రష్షుతో అటొకసారి, ఇటొకసారి తోమేవాడు. నడుమ నాలుగు వేళ్ల మేర బ్రష్షు అందేది కాదు. అక్కడికి నీళ్లు జోరుగా పంపేవాడు. పైగా ఆవిరి ఉంది కదా, ఆ వేడికి ఏ పురుగు బతుకుతుంది అనుకున్నాడు. ఆవిరి సరిగా తగిలిందో లేదో తెలియడానికి మూటలో పెట్టే గుర్తు కాగితం ప్రతిసారీ నల్లగా మారి, అంతా సవ్యంగానే ఉందని చెప్పేది. రోజులు గడిచేకొద్దీ ఆ నాలుగు వేళ్ల సంగతి ఆయనకే గుర్తు రావడం మానేసింది.

ఇప్పుడు ఇంకేదీ గుర్తు రావడం లేదు.

ఇంట్లో అన్నం సగంలోనే వదిలేసి లేచాడు. తిన్న పళ్లెం మూడుసార్లు కడిగాడు. “అరిగిపోతుంది, వదిలెయ్యండి” అంది భార్య. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాడు. తేలు కుట్టిన దొంగ ఎక్కడని అరుస్తాడు? చెబితే ఉద్యోగం పోతుంది, అది సరే. చెబితే ఆ పద్నాలుగు మంది తన గుమ్మం ముందు నిలబడతారు.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది. ఆయనకంటే ఏడేళ్లు పెద్దది. ముప్పై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కి పిల్లల్ని పెంచింది.

“ఒరేయ్ తమ్ముడూ, నా మోకాళ్లు నాకంటే ముందే రిటైరయ్యాయి. మీ పెద్ద డాక్టర్ డేటిచ్చాడు, వచ్చే గురువారం. ముందు కుడికాలు.”

“అంత తొందరేముందక్కా? ఇంకో ఆస్పత్రిలో కూడా ఓసారి చూపించుకుంటే...”

“పిచ్చోడా! నువ్వున్నావనేగా అక్కడ చేయించుకునేది? చిన్నప్పుడు నీ ముక్కు తుడిచిన చెయ్యి ఇది. నువ్వు కడిగిన కత్తయితే నాకు భయం లేదు.”

ఫోన్ పెట్టేసి ఆయన గోడ క్యాలెండర్‌లో గురువారానికి ఎన్ని రోజులుందో లెక్కపెట్టాడు.

గురువారం వచ్చేలోపు ఒక పని మాత్రం చేశాడు. డ్రిల్లుల్లోకి దూర్చి చూద్దామని సన్నటి తీగ తెచ్చి, చివర గుడ్డపీలిక చుట్టి పెట్టుకున్నాడు. రోజూ జేబులో వేసుకుని వెళ్లేవాడు, రోజూ అలాగే తిరిగి తెచ్చేవాడు. దూరిస్తే చూడాలి. చూస్తే ఇక చూడనట్టు ఉండలేడు.

బుధవారం అక్క ఆస్పత్రిలో చేరింది. గురువారం పొద్దున ఏడింటికి ఆమె ట్రే కోసం పైనుంచి చీటీ వచ్చింది. ట్రే ముందురోజే ఆవిరి పట్టి సిద్ధంగా ఉంది. ఆయన దాన్ని తీసుకుని తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, బల్ల మీద పెట్టి మూట విప్పాడు. విప్పిన మూట ఇక పైకి పనికిరాదని ఆయనకి తెలుసు. తెలిసే విప్పాడు. బోలు డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు. తీగ దూర్చి, అటువైపు నుంచి లాగాడు.

తెల్లగా వెళ్లిన గుడ్డ ఎండిన నెత్తురుతో ఇటుకపొడి రంగులో బయటికొచ్చింది.

ఆ పొర అడుక్కి ఏ ఆవిరీ చేరి ఉండదు. ఆ పీలికని గుప్పిట్లో నొక్కిపెట్టి మెట్లెక్కాడు. లిఫ్టు కోసం ఆగితే మనసు మారుతుందేమోనని ఆగలేదు. మూడో అంతస్తులో లెక్కల డాక్టరమ్మ గది తలుపు తోసి, గుప్పిట ఆమె బల్ల మీద విప్పాడు.

“బ్రష్షుతోనే అని చెప్పానమ్మా. ఏ బ్రష్షో చెప్పలేదు.”

ఆవిడ పీలిక వంక చూసింది, ఆయన మొహం వంక చూసింది. “కూర్చోండి” అంది. ఆయన కూర్చోలేదు.

“మా అక్క పైన ఉందమ్మా. ముందు అది ఆపండి.”

ఆవిడ ఫోన్ ఎత్తింది. ఐదు నిమిషాల్లో థియేటర్‌లో దీపాలు ఆపేశారు. ఆ రోజున్న నాలుగు మోకాళ్లూ ఆగిపోయాయి. పెద్ద డాక్టర్ పచ్చబట్టలతోనే కిందికి దిగి వచ్చి, పీలిక చూసి, ఒక్క మాట కూడా తిట్టకుండా వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది. పెద్ద సిస్టర్ గోడకి ఆనుకుని ఏడ్చింది. “నాకు రెండుసార్లు చెప్పారు” అని తనే డాక్టరమ్మతో ఒప్పుకుంది.

అక్కని స్ట్రెచర్ మీదే తిరిగి వార్డుకి తెచ్చారు. ఆయన మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పాడు. ఆమె మధ్యలో ఎక్కడా ఆపలేదు.

“ఎనిమిది నెలలుగా తెలుసా నీకు?”

“తెలుసక్కా.”

“సూది వంకరైతే నేను మిషన్ ఆపేదాన్నిరా. పెళ్లి జాకెట్టయినా సరే, రేపు రండి అనేదాన్ని.”

అక్క దిండు సరిచేసుకుంది. “నిన్నటి నుంచి చుక్క నీళ్లు లేవు నోట్లో. ముందు తినడానికేదన్నా పట్రా. తిన్నాక తిడతాను, ఓపిక రావాలిగా.”

అన్న మాట ప్రకారం తిన్నాక తిట్టింది.

పొడుగు బ్రష్షులు మూడో రోజుకి వచ్చాయి, ఒకటి కాదు, ఇరవై. విచారణ జరిగింది. ఆయన జీతం పెంపు ఆపారు, ఉద్యోగం ఉంచారు. స్టోర్‌లో ఇండెంటు కాగితం ఒక ఫైలు అడుగున దొరికింది. ఆయన మాత్రం ఒకే ఒక్క జవాబు కోసం రోజూ మూడో అంతస్తు వైపు చూసేవాడు. చివరికి లెక్కల డాక్టరమ్మే పిలిచింది.

“పద్నాలుగులో ఐదు, మీ బ్రష్షు విరగక ముందువి. తొమ్మిది, విరిగిన తర్వాతవి.”

“అయితే ఆ తొమ్మిదీ నా వల్లే.”

“అలా చెప్పలేను బాబాయ్. ఆ తొమ్మిదిమందిలో నలుగురికి షుగర్ అదుపులో లేదు. ఆ నెలల్లోనే థియేటర్ తలుపు మామూలు కంటే రెట్టింపు సార్లు తెరుచుకుంది. మీ వల్ల కాదనీ చెప్పలేను. ఇంత చిన్న లెక్కతో ఎవరూ తేల్చలేరు. ఉన్నది ఉన్నట్టు రాసి ఆ పద్నాలుగు మందికీ ఉత్తరాలు పంపుతున్నాం.”

తప్పు నీదే అంటే ఏడ్చేవాడు, కాదంటే ఊపిరి పీల్చుకునేవాడు. రెండూ కాకపోయేసరికి ఆ భయం ఆయనతోపాటే ఇంటికి వచ్చింది, ఆయనతోపాటే పనికీ వెళ్లింది.

నెల తర్వాత అక్కకి ఆపరేషన్ జరిగింది. రోజూ సాయంత్రం పని దిగగానే వెళ్లి ఆమె మోకాలి మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు, వేడిగా ఉందేమోనని. “నీ చెయ్యే కాలిపోతోందిరా, నా కాలు కాదు” అనేది అక్క. మూడు నెలలకి ఆమె మెట్లెక్కింది. అక్కకి బాగయిందని సంబరపడాలో, ఆ తొమ్మిది మందికి బాగవలేదని కుమలాలో ఆయనకి తెలియలేదు.

ఉత్తరాలు వెళ్లిన కొన్నాళ్లకి, మధ్యాహ్నం వేళ ఇనుప తలుపు మీద ఎవరో కర్రతో తట్టారు. తీసి చూస్తే అరవై దాటిన మనిషి, చంక కింద ఊతకర్ర, చొక్కా జేబులో మడిచిన ఉత్తరం. ఒకప్పుడు బస్సు కండక్టరట.

“ఇక్కడ గొట్టాలు కడిగేదెవరండీ?”

పరిగెత్తడానికి ఆ గదికి ఇంకో తలుపు లేదు.

“నేనేనండి.”

“చీము పట్టి నా కొత్త కీలు తీసేశారు. లోపల మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టారు. కొత్తది ఇంకో రెండు నెలలకి వేస్తారట. మీరు కడిగేది ఓసారి చూద్దామని వచ్చాను.”

ఆవిరి బాబాయ్ ఆయనకి స్టూలు వేశాడు. బోలు డ్రిల్లు తీసి, పొడుగు బ్రష్షు ఇటునుంచి దూర్చి అటునుంచి తీశాడు. తర్వాత, అడగకుండానే, సొరుగులోంచి పొట్టి బ్రష్షు తీసి పక్కన పెట్టాడు. కండక్టర్ రెంటినీ పక్కపక్కన పట్టుకుని చూశాడు.

“నాకు చేసిన రోజు ఇదా, అదా?”

ఆవిరి బాబాయ్ రిజిస్టర్ తిప్పి, తేదీ మీద వేలు పెట్టాడు. “ఇదండి. పొట్టిది.”

కండక్టర్ బ్రష్షు బల్ల మీద పెట్టాడు.

“తిడదామనే వచ్చాను. బస్సు దిగి ఇక్కడి దాకా నడిచేసరికి ఆ ఓపిక కాస్తా కాలికే పోయింది.” కర్ర సర్దుకుని లేచాడు. “మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. తెలియకుండా ఉంటేనే బాగుండేదేమో. ఇంకా తేల్చుకోలేదు.”

“క్షమించమని అడగొచ్చాండీ?”

“అడగండి. జవాబు మాత్రం ఇప్పుడడక్కండి.”

రెండు నెలల తర్వాత థియేటర్ చీటీలో కండక్టర్ పేరు కనబడింది. ఆ ట్రే కడగడానికి ఆవిరి బాబాయ్‌కి చేతులాడలేదు. పక్క షిఫ్టు ఆమెని పిలిచి “నువ్వు కడుగమ్మా” అన్నాడు. ఆమె సరేననేలోపే మళ్లీ తనే అందుకున్నాడు. ఒక్కో రంధ్రం తోమి, గుడ్డపీలిక లాగి, అది తెల్లగా వచ్చిందని ఆమెకి చూపించి, ఆమె చేత కూడా లాగించాడు. మూట కట్టి, ఆవిరి పట్టి, తనే స్వయంగా పైకి మోసుకెళ్లి థియేటర్ గుమ్మం దగ్గర అందించాడు. ఆపరేషన్ అయ్యేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు.

ఆరు వారాల తర్వాత కండక్టర్ మోకాల్లోంచి తీసిన నీటి పరీక్షలో ఏ పురుగూ లేదని లెక్కల డాక్టరమ్మ ఫోన్ చేసి చెప్పింది. “ఇప్పటికి బాగుంది బాబాయ్. ఏడాది దాకా చూడాలి.” కండక్టర్ మళ్లీ కిందికి రాలేదు. ఏడాది అయ్యేదాకా ప్రతి నెలా ఒకటో తారీఖున ఆవిరి బాబాయ్ మూడో అంతస్తుకెక్కి, తలుపు దగ్గర నిలబడి, “ఆయనెలా ఉన్నాడమ్మా?” అని అడిగి, జవాబు విని, మెట్లు దిగేవాడు.