శనివారం సూది, శ్రావణమాసం ఒక్కపొద్దు

మా ఆయన సిమెంటు మాట ఎత్తిన మరుసటి రోజే నేను వనపర్తి బస్సెక్కి డాక్టరు దగ్గరికి పోయాను. సిమెంటుకూ డాక్టరుకూ ఏం సంబంధమో తెలియాలంటే ముందు మా ఇంట్లో ఉన్న గుంట సంగతి చెప్పాలి.

మాది గద్వాలలో నేత ఇల్లు. ముందరి గదిలో నేల తవ్వి, ఆ గుంట మీద మగ్గం పెట్టారు మా మామ కాలంలోనే. నేసేవాళ్ళు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. మా చీరకు ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట ఒక పోగును ఇంకో పోగుతో మెలేయాలి కాబట్టి మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. పెళ్ళయిన కొత్తలోనే ఆ రెండో మనిషిని నేనయ్యాను. డిగ్రీ చదివిన కోడలు గుంటలో కాళ్ళు పెడతదా అని మా అత్తమ్మ వాడంతా చెప్పుకుంది. పెట్టాను. ఆమె ఆ మాట వెనక్కి తీసుకున్నట్టు మాత్రం నా చెవిన ఇంతవరకు పడలేదు.

తర్వాత ఒళ్ళు వచ్చింది. ఎట్లా వచ్చిందని అడిగేవాళ్ళకు నా దగ్గర ఒకటే జవాబు: కూర్చుని చేసే పని, కూర్చుని తినే తిండి, నడుమ షుగర్. మొదట్లో నా పొట్టకూ నేసిన బట్ట చుట్టుకునే కర్రకూ మధ్య జానెడు జాగా ఉండేది. తర్వాత అరచెయ్యి పట్టేంత మిగిలింది. చివరికి నా పొట్టే కర్ర మీద ఆనుకుని కూర్చుంది. మోకాళ్ళు కూడా మొండికేశాక గుంటలోకి దిగడం మానేశాను. నా జాగాలో వెనక వీధి నుంచి ఒక ఆమె వచ్చి కూర్చునేది. మంచి చెయ్యే, కాదనను. కానీ ఆమె కూర్చున్న ప్రతిసారీ నా కుర్చీలో ఎవరో కూర్చున్నట్టే ఉండేది నాకు.

ఉగాది అయిన రెండు నెలలకు ఒకరోజు ఆమె చెప్పింది, దసరా దాటితే మొగుడితో కలిసి అయిజకు పోతున్నామని. మా ఆయన ఆ సాయంత్రమే తేల్చేశాడు.

"గుంట పూడ్పిస్త. బండలు పరిపిస్త. నేను పెద్ద షెడ్డుల కూలికి నేస్త."

"నేనున్న కదా?"

"ఉన్నవు. గుంటల పడ్తవా మరి?"

నేను గుంట అంచుకు పోయి, అడుగున ఉన్న చెక్కల దిక్కు చూశాను.

"దసరా దాకా ఆగుత," అన్నాడు ఆయనే, నా మొహం చూసి. "అప్పటికి నువ్వొచ్చి మగ్గం మీద కూసుంటే సరే. లేదంటే సిమెంటు తెప్పిస్త."

వనపర్తిలో డాక్టరమ్మ నాకంటే బాగా చిన్నది. బిజినేపల్లి దిక్కు పిల్ల. వచ్చీరాగానే "కూర్చోండి ఆంటీ" అంది. నా ఒంట్లో రోగం సంగతి తర్వాత, ముందు ఆ పిలుపు సంగతి తేల్చుకుందామనుకున్నాను గాని పని నాది కాబట్టి ఊరుకున్నాను. పరీక్షలన్నీ చూసి, షుగరూ ఒళ్ళూ రెండూ తగ్గడానికి వారానికో సూది రాసింది. చిన్న డోసుతో మొదలుపెట్టి, కడుపు అలవాటు పడ్డకొద్దీ నెలకో మెట్టు పెంచుతానంది.

"మెట్లెందుకు మేడం? పెద్ద డోసే ఇయ్యండి. నాకు దసరా దాకే టైముంది."

"మీ కడుపుకు క్యాలెండర్ తెలీదు ఆంటీ. ఈ మందుతో అన్నం కడుపులో ఎక్కువసేపు ఆగుతుంది. ఒకేసారి పెంచితే వాంతులతో నా దగ్గరికే వస్తారు."

"నా కడుపు మీకు తెల్వదు మేడం. రాళ్ళు అరిగించుకుంటది."

"అందుకే కదా ఇక్కడ కూర్చున్నారు," అంది నవ్వకుండా. ఆ పిల్ల నాకు అక్కడే నచ్చింది.

వారంలో ఏదో ఒక రోజు అనుకుని ప్రతివారం అదే రోజు వేసుకోమంది. నేను శనివారం అన్నాను. శనివారాలు వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దుంటాను, అంటే రోజంతటికీ ఒక్కపూటే భోజనం. ఒక్కపొద్దు ఏనాడూ మరిచిపోలేదు కాబట్టి సూదీ మరిచిపోను. పైగా ఉపవాసమూ మందూ రెండూ ఒకేరోజు పనిచేస్తే ఒళ్ళు రెండింతలు దిగుతుంది కదా అని నా లెక్క. ఈ లెక్క డాక్టరుకు చెప్పలేదు. తెలివైనవాళ్ళు అన్నీ చెప్పుకోరు అనుకునే రోజులవి.

సూది పెన్ను ఫ్రిజ్‌లో పెట్టాలి. మా అత్తమ్మ దాన్ని చూసి పెరుగు గిన్నె తీసి కింద అరలో పెట్టింది.

"ఎందుకత్తమ్మా?"

"గా మందు గాలి తగిల్తే పెరుగు సుత పల్చనైతది."

మొదటి సూది పొట్ట మీద నేనే వేసుకున్నాను. వెంట్రుకంత పట్టుపోగు తెగితే కళ్ళార్పకుండా ముడేసే మా ఆయన అటు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. ఈగ వాలినంత కూడా నొప్పి లేదు. కానీ ఆయన కంగారు చూస్తే ముచ్చటేసి రెండు మూలుగులు ఎక్కువే మూలిగాను.

ఆ నెలాఖరుకు కంచంలో సగం జొన్నరొట్టె మిగలడం మొదలైంది. ఇన్నేళ్ళూ "తింటనే ఉంటది" అని చుట్టాలకు చెప్పిన అత్తమ్మ ఇప్పుడు "నేను చేసింది సయిస్తలేదు ఆమెకు" అని చెప్పడం మొదలుపెట్టింది. రెండో మెట్టులో పుల్లటి తేన్పులు వచ్చాయి. ఉల్లిగడ్డ తాలింపు వాసనకు ఇల్లు విడిచి బజారుకు పోవాలనిపించేది. డాక్టరమ్మ ఫోన్‌లోనే చెప్పింది, నీళ్ళు తాగండి, గుడ్లూ పప్పూ మానకండి, కొంచెం కొంచెం తినండి అని. వారంలో ఆరురోజులు అట్లాగే తిన్నాను. ఏడోరోజు శనివారం.

మూడో మెట్టు శ్రావణమాసంలో వచ్చింది. ఆ డోసు మొదటి సూది, శ్రావణ శనివారం, రెండూ ఒకేరోజు పడ్డాయి. పొద్దున తలస్నానం చేసి సూది వేసుకున్నాను. పొద్దంతా పచ్చి మంచినీళ్ళే. సాయంత్రం పిండిదీపం వెలిగించి, స్వామికి చూపించి, విస్తరి ముందు కూర్చున్నాను. భక్షాలు, నెయ్యి, పులిహోర, మిరపకాయ బజ్జీలు, పాయసం. ఆకలి అసలే లేదు. కానీ ఒక్కపొద్దు రోజు ఒకసారి లేచానంటే మళ్ళీ రేపటి దాకా ఏమీ ఉండదు. ఆ భయంతో చిన్నప్పటి నుంచీ ఆ ఒక్కపూట మూడుపూటలది తిని లేవడం అలవాటు. అత్తమ్మ భక్షం మీద భక్షం వేసింది. నేను వద్దనలేదు.

ఆ తర్వాతి సంగతి భోంచేస్తూ చదివేవాళ్ళుంటారని విడిచిపెడుతున్నాను. ఆదివారానికి గుక్కెడు నీళ్ళు తాగినా బయటికే వచ్చాయి. గద్వాలలోనే ఒక దవాఖానలో పడుకోబెట్టి గ్లూకోజ్ ఎక్కించారు. సీసా ఖాళీ అయ్యేదాకా మా ఆయన మంచం పక్కనే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇగ చాలు. సూది బంద్ చెయ్యి," అన్నాడు. "మగ్గం కోసం మనిషిని పోగొట్టుకుంటనా?"

ఇంటికొచ్చేసరికి వరండాలో సిమెంటు సంచులు ఉన్నాయి. ఎప్పుడు చెప్పాడో, ఎప్పుడు దింపించాడో. దసరా ఇంకా ముందుంది. తిట్టడానికి నోట్లో తడి లేదు నాకు.

సోమవారం ముగ్గురం వనపర్తి పోయాం. అత్తమ్మ రానంటూనే అందరికంటే ముందు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

"శనివారం ఏం తిన్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"పొద్దంతా ఏం తినలే మేడం," అన్నాను గర్వంగానే.

"సాయంత్రం?"

చెప్పాను. పాయసం దాకా వచ్చేసరికి ఆమె రాయడం ఆపేసింది.

"ఒక్కపొద్దు మేడం. ఒక్కసారే తిన్న."

"మీ కడుపు ఇప్పుడు నిమ్మళంగా ఖాళీ అవుతుంది ఆంటీ. డోసు పెరిగిన రోజు ఇంకా నిమ్మళం. దాంట్లో మూడుపూటల తిండి ఒకేసారి వేస్తే ఎక్కడికి పోతుంది?"

"చిన్నప్పటి నుంచి ఉన్న ఒక్కపొద్దు. సూది కోసం ఇడిసిపెట్టుమంటరా?"

ఆమె నోరు తెరిచేలోపు వెనక నుంచి మా అత్తమ్మ అందుకుంది.

"ఒక్కసారి తినుమన్నడు దేవుడు. మూడుసార్లది కలిపి తినుమన్నడా? మేముంటిమి ఒక్కపొద్దులు. నడుమ పాలు తాగుతుంటిమి, పండ్లు తింటుంటిమి. ఈమెకే అన్నీ పట్టింపులు."

"భక్షాలు ఏసిందెవరత్తమ్మా?"

"నువ్వు వద్దంటివా?"

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అమ్మమ్మ చెప్పినట్టే చేయండి, మధ్యమధ్యలో పాలూ పండ్లూ తీసుకుని పూట భోజనం తగ్గించండి, అంది. ఆమె నోట అమ్మమ్మ అనే మాట పడ్డాక మా అత్తమ్మను పట్టుకోవడం ఎవరి తరం. కొత్త డోసు ఆపి, కడుపు కుదుటపడ్డాక మళ్ళీ రెండో మెట్టుకే పొమ్మంది. అక్కడ ఒక నెల నిలబడ్డాకనే మూడోది. కుర్చీలో చేతులు ఆనించకుండా కూర్చుని లేవడం రోజూ చేయమంది, ఒంటితో పాటు కాళ్ళ సత్తువ పోకుండా.

"ఎనకకు పోతే దసరాకు అందదు మేడం."

"అందకపోతే దీపావళి. తొందరేముంది?"

తొందరేముందో ఆమెకు తెలియదు. తెలిసిన మనిషి పక్కనే తలొంచుకుని కూర్చున్నాడు.

బీచుపల్లి బ్రిడ్జి మీద బస్సు పోతుంటే కృష్ణ నిండుగా ఉంది. నేను నీళ్ళ దిక్కు చూస్తూ అన్నాను:

"సూది బంద్ చెయ్య. ఒక మెట్టు దిగుత. అంతే."

"సిమెంటు తెచ్చిన. వానలకు గట్టిపడ్తది."

"పడనీ. నిన్నెవరు తెమ్మన్నరు? దసరా అంటివి. దసరా దాకా నోరు మూసుకో."

ఆయన నవ్వాడు. ఇంటికొచ్చాక సంచుల మీద ప్లాస్టిక్ కవరు కప్పాడు. పూడ్పించే మనిషిని మాత్రం పిలవలేదు.

ఆ తర్వాతి శనివారాలు మా ఇంట్లో పోలీసు రాజ్యం. పొద్దున సూది, నడుమ పాలు, జామకాయ. సాయంత్రం విస్తరి ముందు అత్తమ్మ కాపలా. ఒక భక్షం వేసి గిన్నె దూరంగా జరిపేది. ఇంకొకటి అడిగితే డాక్టరమ్మకు ఫోన్ చేస్తానని బెదిరించేది, ఆమెకు ఫోన్ చేయడం రాకపోయినా. ఆమె కుర్చీలోనే నేను కూర్చోవడం లేవడం చేస్తుంటే, కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా "అది మా తమ్ముడు తెచ్చిన కుర్చీ" అనేది. ఒక నెల నిలబడి, మళ్ళీ మూడో మెట్టు ఎక్కాను. ఈసారి వట్టి తేన్పులతో పోయింది.

దసరాకు కొంచెం ముందు, వెనక వీధి ఆమె సామాన్లు సర్దుకోవాలని ఒకరోజు పనికి రాలేదు. మా ఆయన ఒక్కడే మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. చీర ఒంటి నూలు పడుతోంది గాని అంచు దగ్గరికి వచ్చేసరికి పని ఆగుతోంది. నేను చీర కుచ్చిళ్ళు దోపి, గుంట అంచున కూర్చుని, ఒక కాలు దించాను. రెండోది కూడా దించాను. పొట్టకూ కర్రకూ మధ్య అరచెయ్యి పెట్టి చూశాను. పట్టింది.

ఆయన పట్టుపోగును అటూఇటూ ఆడించే నాడె నా దిక్కు జరిపాడు. మొదటి నాలుగు పోగులు తప్పుగా మెలేశాను. విప్పి మళ్ళీ వేశాను. జానెడు అంచు పడేసరికి నడుము విరిగిపోతోంది, మనసు మాత్రం లేవనంటోంది.

"ఇగ లేస్తవా?" అన్నాడు.

లేవడానికి చూశాను. మోకాళ్ళు ససేమిరా అన్నాయి. కుర్చీ వేరు, గుంట వేరు.

"ముందు సంచులు వాపసు పంపు. అప్పుడు లేస్త."

"లేవరాక అంటున్నవు."

"దసరాకు మగ్గం మీద కూసుంటే సరే అన్నది నువ్వు. లేవాలె అన్నవా? యాది చేసుకో."

వరండాలో నుంచి అత్తమ్మ గొంతు వినబడింది. "అనలే బిడ్డా. నేనిన్న."

మూడు దశాబ్దాల కాపురంలో ఆమె నా దిక్కు మాట్లాడింది అదే మొదటిసారి. ఆయన ఇద్దరి మధ్య చిక్కి, ఫోన్ తీసి, పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీకి చెప్పాడు, సంచులు తీసుకుపొమ్మని. మేస్త్రీ వచ్చి, ఒకటి వానకు రాయైపోయిందని విడిచిపెట్టి మిగతావి ఆటోలో వేసుకున్నాడు. ఆటో కదిలిన చప్పుడు విన్నాకే నేను చెయ్యి చాపాను.

"పట్టు," అన్నాడు ఆయన. పట్టుకునే లేచాను.

ఇప్పుడు కూడా మూడో మెట్టు మీదే ఉన్నాను. ఒళ్ళు మెల్లగా దిగుతూనే ఉంది కాబట్టి ఇంకా పైకి పోవాల్సిన పని లేదంది డాక్టరమ్మ. నేను వాదించలేదు. గుంటలోకి దిగడం నా పని, పైకి లాగడం ఆయన పని. రాయైపోయిన సంచి మీద మా అత్తమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, అంచు ఎక్కడ వంకర పోతోందో అక్కడి నుంచే చెబుతుంది.