ఆర్గన్‌లో అమ్మ గొంతు

మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న స్రవంతి మొన్న మెట్ల కింది అరలో దొరికిన పాత సీబీ రేడియోని ప్లగ్‌లో పెట్టింది. కాసేపటికి కాలిన దుమ్ము వాసన వంటింటిదాకా వచ్చింది. "ఇదేంటి ఆంటీ, వాకీటాకీనా?" అంది. అలాంటిదే, కానీ మైళ్ల దూరం మాట్లాడొచ్చు అన్నాను. ఇప్పుడు ఎడ్మంటన్‌లో ఎటు చూసినా ఇలాంటి విద్యార్థులే, రోజూ వీడియో కాల్‌లో ఇంటివాళ్లకి కూర చూపిస్తూ తింటారు. వాళ్లకి ఇదంతా విప్పి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఈ ఊళ్లో విద్యార్థి మా నాన్నే. ఎలక్ట్రికల్‌లో పీహెచ్‌డీ చేసేవారు. మంచులో ఇరుక్కుంటే పనికొస్తుందని కారులో ఒక సెట్టు, వంటింట్లో ఒక సెట్టు పెట్టి, కప్పు మీద పొడవాటి యాంటెనా నిలబెట్టారు. అంతకుముందు సెట్లలో చానల్‌కో క్రిస్టల్ ముక్క కొని బిగించుకోవాల్సి వచ్చేదట. మాదానిలో ఇరవై మూడు చానళ్లూ ఒక్క మీటతో తిరిగేవి. గవర్నమెంటు ఇచ్చిన లైసెన్సుని అమ్మ ఫ్రిజ్‌కి అంటించింది.

ఊరి బయట పొలాల మధ్య రూత్ ఆంటీ ఉండేది, అమ్మకి తెలిసిన ఒకే ఒక్క తెలుగు మనిషి. వాళ్ల టెలిఫోను లైను నాలుగిళ్లకి ఉమ్మడి, ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు. వాళ్లింట్లోనూ ఒక సెట్టు ఉంది కాబట్టి ఇద్దరూ రేడియోలోనే మాట్లాడుకునేవారు. క్రిస్మస్‌కి కజ్జికాయలు వేగుతుంటే, నూనె చేత్తోనే మైకు మీట నొక్కి, కొబ్బరి కోరు దొరకలేదని అమ్మ వాపోయేది. తెలుగులో కాబట్టి ఎవరికీ తెలియదన్న ధీమా.

ఒక ఆదివారం తలనొప్పని అమ్మ ఇంట్లో ఉండిపోయింది. మా ఇంటి వెనకే చర్చి. తడిసిన ఉన్ని కోట్ల వాసన మధ్య అందరం తలలు వంచి మౌనంగా ప్రార్థిస్తుండగా, పాటలకి వాయించే ఎలక్ట్రిక్ ఆర్గన్ స్పీకరు బరబరమంది. అందులోంచి అమ్మ గొంతు వచ్చింది.

"ఇంక నా వల్ల కావట్లేదక్కా. పిల్ల చూస్తుందని బట్టలుతికే గదిలోకెళ్లి ఏడుస్తున్నా. గుంటూరు పోవాలనుంది. చెప్తే ఆయన చదువు పాడైపోద్ది. ఓవర్."

"మళ్లీ ఆ టాక్సీవాళ్లే," అంటూ పక్కనున్న ముసలామె ఇంగ్లీషులో చెప్పి నవ్వింది. టాక్సీల రేడియో మాటలు అప్పుడప్పుడూ అందులో దూరేవి. నాన్న తల ఎత్తలేదు. నా చేతిని మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

ఇంటి గుమ్మం ముందు బూట్ల మంచు దులుపుకుంటూ, "విన్నట్టు అమ్మకి చెప్పకు తల్లీ. తనే చెప్పాలి నాకు," అన్నారు.

ఆ శనివారం నాన్న ఫాదర్‌ని అడిగి ఆర్గన్ విప్పి, రేడియో మాటలు దూరకుండా దాని తీగలు సరిచేశారు. తర్వాతి ఆదివారాల్లో నడుం నొప్పని నన్నొక్కదాన్నే చర్చికి పంపి అమ్మ దగ్గర కూర్చున్నారు. మూడో వారం నేనొచ్చేసరికి అమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి. నాన్న చారు కాస్తున్నారు. ఎండాకాలంలో అమ్మా నేనూ గుంటూరు వెళ్లి ఏడాది ఉన్నాం. అక్కడి పెద్దవాళ్లు వెళ్లొద్దన్నా, అమ్మే తిరుగు టికెట్లు కొనమని నాన్నకి ఉత్తరం రాసింది.

తిరిగొచ్చాక చాలా ఏళ్లు అమ్మా రూత్ ఆంటీ రేడియోలో మాట్లాడుకున్నారు. నలభై చానళ్ల సెట్లు వచ్చినా అమ్మ పాతదాన్ని వదల్లేదు. ఇప్పుడు రూత్ ఆంటీ లేదు, చర్చి ఉన్నచోట ఫ్లాట్లు లేచాయి. అమ్మ పోయి రెండేళ్లయింది. నిన్న కేర్ హోమ్‌లో నాన్నకి అన్నం తినిపిస్తూ అడిగాను, మనం విన్నామని అమ్మకి ఒక్కసారైనా చెప్పాల్సిందేమో అని.

ఆయన నోట్లో ముద్ద మింగారు.

"చెప్పుంటే మళ్లీ మైకు ముట్టేది కాదమ్మా," అన్నారు.