అత్తగారి పాటలో ఐదు శాతం

గడియారాల మేస్త్రికి చిన్నప్పట్నుంచీ ఒకటే జబ్బు: ఎక్కడైనా తేడా కనపడితే ఊరుకోలేడు. గోడ గడియారం వారానికి రెండు సెకన్లు వెనకబడ్డా తన పరువే పోయినట్టు ముఖం మాడ్చుకునేవాడు. అలాంటివాడు ఒక్క పవర్ వాల్వుతో, అంటే పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్డితో, నడిచే ఆంప్లిఫయర్ ఒకటి సొంతంగా తయారుచేసి, అత్తగారి గదిలో పెట్టాడు.

అత్తగారు వయసులో ఉండగా పాట పాడి ఒక గ్రామఫోన్ రికార్డు ఇచ్చింది. ఒక్కటే. రోజూ మధ్యాహ్నం కుర్చీ లాక్కుని దాన్నే వింటూ, "ఎంత హాయిగా ఉందో!" అనేది. ఇంటిల్లిపాదీ తలలూపేవాళ్లు.

ఓ ఆదివారం మేస్త్రికి పాత సామాన్ల కొట్లో డిస్టార్షన్, అంటే ధ్వనిలో కల్తీ, కొలిచే మీటరు దొరికింది. తగిలించి చూస్తే ఐదు శాతం! ఏ స్వరం వచ్చినా, వాల్వు దాని పైస్థాయి స్వరాన్ని కాస్త తనే కలిపి పంపుతోంది.

"మీ పాటలో ఐదు శాతం మీది కాదు అత్తయ్యా."

"మరెవరిది?"

"వాల్వుది."

"దానికి సంగీతం ఎవరు నేర్పారు?"

మేస్త్రికి అన్నం సయించలేదు. వాల్వులో కరెంటు పెంచాడు, నాలుగైంది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాడు, మూడైంది. చివరికి బయటికొచ్చే ధ్వనిలోంచి చిటికెడు తీసి, తలకిందులు చేసి, మళ్లీ మొదటికే పంపాడు. కల్తీని కల్తీయే కొట్టేసుకుంది. అర శాతం! ఆనందం పట్టలేక వీధిలో పోస్ట్‌మాన్‌ని ఆపి చెప్పాడు. "శుభం. అబ్బాయా, అమ్మాయా?" అన్నాడతను.

మధ్యాహ్నం అత్తగారు రెండు నిమిషాలు విని లేచి నిలబడింది.

"ఎవరీ మనిషి? పైకి వెళ్లినప్పుడల్లా జారిపోతోంది."

"మీరే అత్తయ్యా."

"నీ పెట్టె నా మీద అభాండం వేస్తోంది అల్లుడూ!"

ఇంట్లో పంచాయితీ మొదలైంది. "అమ్మ ఐదు శాతం అమ్మకిచ్చెయ్యండి," అంది మేస్త్రి భార్య. నీటి మీటర్లు చూసే బావమరిది కాలు మీద కాలేసుకుని, "మూడు దగ్గర సర్దుకోండి," అని తీర్పు చెప్పాడు.

కలిపిన తీగ ఊడదీద్దామని మేస్త్రి దిగాలుగా సోల్డరింగ్ ఐరన్ వేడికి పెట్టాడు. అది కాగేలోపు రికార్డులో పాట అయిపోయింది. ఇదివరకు ఆ చోట గుయ్‌మనే మోత తప్ప ఏమీ వినపడేది కాదు. ఇప్పుడు ఆ మోత లేదు. రికార్డులో ఎవరో దగ్గారు.

అత్తగారు చెయ్యెత్తింది. "ఆగు. మళ్లీ పెట్టు."

మళ్లీ దగ్గు. బావమరిది చప్పున కాలు దించి, వొద్దికగా కూర్చున్నాడు.

"మీ మామయ్యే," అంది అత్తగారు. "రికార్డింగ్ గది బయట ఉండండీ అంటే వినకుండా లోపలికొచ్చారు. ఎంత పోట్లాడానో ఆ రోజు."

ఐరన్ చల్లారిపోయింది. మర్నాటి నుంచి అత్తగారు పాట పెట్టించుకోవడం మానేసింది. ముల్లు నేరుగా చివర్లోనే దించమనేది.

"ఇంకా తగ్గించగలవా అల్లుడూ?"

మేస్త్రి పది రోజులు కుస్తీ పట్టి కల్తీని పావు శాతానికి దింపాడు. అత్తగారు కళ్లు మూసుకుని విని, సంతృప్తిగా తలూపింది.

"ఆ, అప్పుడాయనకి జలుబు కూడా ఉండేది."